మీ బండి – మీ సందేహం: ఇంజిన్ బాగుందంటున్నారు, మరి కార్పెట్ ఎందుకు మార్చారు?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఏలూరులో స్కూల్ టీచర్‌ని. మా అత్తయ్యగారికి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక చిన్న కారులో ఎక్కడం దిగడం కష్టంగా ఉంది. అందుకని కాస్త ఎత్తుగా, ఏడుగురు పట్టే ఎస్‌యూవీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాం. విజయవాడలో 2018 ఫిబ్రవరిలో కొన్న డీజిల్ బండి దొరికింది. సింగిల్ హ్యాండ్, 84,000 కిలోమీటర్లు తిరిగింది, 8.75 లక్షలు చెప్పి 8.40కి దిగారు. అదే మోడల్ మిగతా చోట్ల తొమ్మిదిన్నరకి తక్కువ చెప్పడం లేదు. పాతిక వేలు టోకెన్ అడ్వాన్స్ యూపీఐలో పంపేశాం. ఆ తర్వాత 2,500 ఇచ్చి బయటి మెకానిక్‌తో చెక్ చేయించాం. రిపోర్టులో ఇంజిన్, గేర్‌బాక్స్, ఏసీ అన్నీ బాగున్నాయి, స్కానర్‌లో ఎర్రర్లు లేవు అని ఉంది. చివర్లో మాత్రం మూడు మాటలు రాశాడు: ముందు సీట్ల పట్టాల మీద తుప్పు, ఫ్లోర్ కార్పెట్ కొత్తది, డ్రైవర్ సీట్‌బెల్ట్ చివరిదాకా లాగితే మట్టి చార. అమ్మేవాళ్లను అడిగితే పిల్లలు నీళ్లు ఒలకబోస్తే వాసన వస్తోందని కార్పెట్ మార్చామన్నారు. 2026 ఫిబ్రవరిలో రెన్యువల్ చేసిన ఇన్సూరెన్స్ పాలసీ ఫొటో పంపారు, అందులో నో క్లెయిమ్ బోనస్ 20 శాతం అని ఉంది. ఇంజిన్ బాగుంటే చాలక్కా, తీసేసుకో అంటాడు మా తమ్ముడు. బ్రోకరేమో రోజూ ఫోన్ చేసి ఇంకో పార్టీ డబ్బుతో రెడీగా ఉందంటున్నాడు. రెండు రాత్రులుగా టెన్షన్‌తో నిద్ర లేదు. తీసుకోమంటారా, వదిలేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: వదిలేయండి టీచర్ గారూ. పాతిక వేలు పోతాయేమోనన్న భయంతో ఎనిమిది లక్షలు అందులో పోయకండి.

మీ మెకానిక్ మంచివాడు. చివర్లో రాసిన ఆ మూడు మాటలే ఆ రిపోర్టుకి ప్రాణం. విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక సాకు దొరుకుతుంది. తడి చెప్పులతో ఎక్కుతుంటే సీటు పట్టాలు కొంచెం తుప్పు పడతాయి, కార్పెట్ ఎవరైనా మార్చుకుంటారు. కానీ సీట్‌బెల్ట్ సంగతి వేరు. బెల్టులో మనం రోజూ బయటికి లాగేది సగమే, మిగతా సగం తలుపు పక్క స్తంభం లోపల చుట్టలోనే ఉండిపోతుంది. పిల్లలు ఒలకబోసిన నీళ్లు అక్కడిదాకా వెళ్లవు. ఆ చుట్ట మీద మట్టి చార పడిందంటే నీళ్లు కింద నుంచి పైకి వచ్చి, కొంతసేపు నిలబడి, తర్వాత తీశాయన్నమాట. ఇంట్లో గోడల మీద వరద గీత ఎలా ఉండిపోతుందో ఇదీ అంతే.

ఇక మీరు పంపిన పాలసీ ఫొటో. మీకు తెలియకుండానే మీ చేతిలో పెద్ద ఆధారం పెట్టారు వాళ్లు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఏడాదికో మెట్టు ఎక్కుతుంది: 20, 25, 35, 45, 50. యాభై దగ్గర ఆగుతుంది, క్లెయిమ్ చేస్తే సున్నాకి పడిపోతుంది. 2018లో కొన్న బండికి ఒక్క క్లెయిమ్ కూడా లేకపోతే 2019లో 20తో మొదలై 2023కే 50కి చేరాలి, ఇప్పటికీ 50 దగ్గరే ఉండాలి. మరి 2026 ఫిబ్రవరిలో 20 ఎందుకుంది? వెనక్కి లెక్కేయండి. ఈసారి 20 అంటే పోయిన ఏడాది, అంటే 2025 ఫిబ్రవరిలో సున్నా. అప్పుడు సున్నా అయిందంటే 2024 ఫిబ్రవరికీ 2025 ఫిబ్రవరికీ మధ్యలో క్లెయిమ్ చేశారన్నమాట. ఆ మధ్యలో విజయవాడలో ఏం జరిగిందో ఏలూరు వాళ్లకు నేను చెప్పాలా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లూ బళ్లూ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పాలసీ 90 రోజులకు మించి ల్యాప్స్ అయినా బోనస్ సున్నా అవుతుంది. బోనస్ బండిది కాదు, ఓనర్‌ది, కాబట్టి ఆయన దాన్ని తన వేరే బండికి మార్చుకుని కూడా ఉండొచ్చు. అందుకే ఒక్క బోనస్ చూసి నేను వద్దనను. బెల్టు, పట్టాలు, కార్పెట్, బోనస్, పైగా లక్ష తక్కువ ధర, ఇవన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి కాబట్టి వద్దంటున్నాను.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. ఇంజిన్ బాగానే ఉండొచ్చు, మీ మెకానిక్ అబద్ధం రాయలేదు. బండి పార్కింగ్‌లో ఆపి ఉండగా మునిగి, నీళ్లు తీశాక ఎవరూ తొందరపడి స్టార్ట్ చేయకపోతే ఇంజిన్ బతుకుతుంది. నీళ్లలో నడిపినా, తడిసిందాన్ని సెల్ఫ్ కొట్టినా గాలి దారిలోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలా జరగని బండికి ఆయిళ్లన్నీ మార్చి, ఫిల్టర్లు మార్చి, ఆరబెడితే ఇంజిన్ చక్కగా తిరుగుతుంది. కానీ మునిగిన బండికి రోగం వచ్చేది ఇంజిన్‌లో కాదు, వైరింగ్‌లో.

ఆ వరద తర్వాత నేను విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మిత్రుడి షెడ్డులో కొన్ని రోజులు ఉన్నాను. ఒక బండి సీట్లు విప్పి, కార్పెట్ లేపితే కింద ఉండే స్పాంజి బరువుకి ఇద్దరం పట్టాల్సి వచ్చింది, పిండితే బురద. గుమ్మం పట్టీ కింద నుంచి ముందు నుంచి వెనక్కి చెయ్యి లావున వైర్ల కట్ట పోతుంది కదా, దాని మధ్యలో ఒక కనెక్టర్ ఊడదీస్తే లోపల పిన్నుల మీద పచ్చటి పొడి, నాచులాగా. రాగి తుప్పు అది. స్ప్రే కొట్టి బ్రష్‌తో రుద్దితే మెరిసింది, బిగిస్తే అన్నీ పనిచేశాయి. మూడు వారాల తర్వాత అదే బండి వెనక్కొచ్చింది, ఈసారి ఏబీఎస్ లైటు, అంటే బ్రేకు కొడితే చక్రాలు జామ్ కాకుండా చూసే సిస్టమ్ హెచ్చరిక. ఇంకోసారి పవర్ విండో. ఆ కట్ట మొత్తం కొత్తది వేద్దామంటే డ్యాష్‌బోర్డు కిందికి దించాలి, దించితే పాత క్లిప్పులు విరుగుతాయి, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. చాలా బళ్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ఎక్కడుంటుందో తెలుసా? గేర్ లివర్ దగ్గర, నేల మీద. సీట్ల పట్టాల దాకా నీళ్లొస్తే అది కూడా తడిసినట్టే. మీ అత్తయ్యగారినీ పిల్లల్నీ ఎక్కించుకుని హైవే మీద వెళ్లే బండిలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందో లేదో తెలియని స్థితి మీకొద్దు.

నేను ఎవరికైనా చెప్పేది ఇదే. సెకండ్ హ్యాండ్ బండిలో లోపాలు రెండు రకాలు. ఇంత ఖర్చవుతుందని చెప్పగలిగేవి కొన్ని: టైర్లు, క్లచ్, బ్రేకులు, బ్యాటరీ, షాక్ అబ్జార్బర్లు. వాటి లెక్క కట్టి ధరలోంచి తీసేస్తే సరిపోతుంది. ఎంతవుతుందో, ఎప్పుడవుతుందో, అసలు తీరుతుందో లేదో ఎవరూ చెప్పలేనివి ఇంకొన్ని: నీళ్లు చేరిన వైరింగ్, వంగిన ఛాసిస్, కోసి అతికించిన బాడీ. అవి ఉంటే ఇంకో రెండు లక్షలు తగ్గించినా తీసుకోకూడదు, ఎందుకంటే ఎంత తగ్గిస్తే సరిపోతుందో చెప్పడానికి లెక్కే లేదు. మీ బండిది ఆ రెండో రకం.

అయినా నిర్ధారణ కావాలనిపిస్తే అమ్మేవాళ్లను రెండు అడగండి. ఒకటి, 2024 నాటి క్లెయిమ్ కాగితాలు, అంటే సర్వేయర్ రిపోర్టు, వర్క్‌షాప్ బిల్లు. రిపేరు ఖర్చు ఇన్సూర్ చేసిన విలువలో 75 శాతం దాటితే కంపెనీలు దాన్ని టోటల్ లాస్, అంటే పూర్తిగా పోయిన బండి కింద లెక్కేస్తాయి, అలాంటి బళ్లు వేలంలో పోయి, బాగుచేయించుకుని మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి. రెండు, ఒక్క ముందు సీటు విప్పి కార్పెట్ లేపి చూడనివ్వమనండి. నాలుగు బోల్టులు, అరగంట పని. దాచేది లేనివాళ్లు దానికి ఒప్పుకుంటారు. స్టెప్నీ కింద గుంట, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్స్, బ్రేక్ పెడల్ పైన ఉండే ఇనుప పట్టీ, తలుపుల రబ్బరు లాగితే దాని లోపలి అంచు, ఇవన్నీ టార్చి వేసి చూడమనండి. కడిగేవాళ్ల చెయ్యి అక్కడిదాకా వెళ్లదు, బురద అక్కడే మిగులుతుంది.

మునిగిన బండి అమ్మడం తప్పని నేను అనను. వరదలో బండి పోగొట్టుకున్నవాళ్ల బాధ చూశాను, బాగుచేయించి ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చెప్పకుండా కార్పెట్ మార్చి అమ్మడం మాత్రం తప్పే. టోకెన్ విషయంలో గొడవ పెట్టుకోకుండా వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: "మా తనిఖీలో బండి నీళ్లలో ఉన్న గుర్తులు కనిపించాయి, ఈ విషయం మాకు ముందు చెప్పలేదు, అందుకని తీసుకోవడం లేదు, అడ్వాన్స్ వెనక్కి పంపండి" అని. ఫొటోలు జతచేయండి. యూపీఐ రికార్డు మీ దగ్గర ఎలాగూ ఉంది. చాలామంది ఇంత స్పష్టంగా రాస్తే ఇచ్చేస్తారు. ఇంకో పార్టీ రెడీగా ఉందన్న బ్రోకర్‌తో, అయితే వాళ్లకే ఇవ్వండి అనండి. ఇంకోసారి బండి చూసినప్పుడు మాత్రం ముందు చెకింగ్, తర్వాత టోకెన్.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హన్మకొండ. 2019 డీజిల్ ఎస్‌యూవీ చూసిన, 1,12,000 కిలోమీటర్లు. ఓనర్ మాకు తెలిసిన లెక్చరర్ సారు, 7.60 లక్షలు అడుగుతుండు. కండిషన్ మంచిగున్న బండైతే ఇక్కడ 7.75 దాకా పలుకుతుంది. చెక్ చేయిస్తే రిపోర్టు నిండా ఎర్ర గుర్తులే, పదిహేడు ఉన్నాయి. క్లచ్ పైన పడుతోంది, నాలుగు టైర్లూ 2019వే, ముందు సస్పెన్షన్‌లో బుష్‌లు పోయాయి, బ్యాటరీ వీక్, ఏసీ చల్లదనం తక్కువ, కుడి ఫెండర్‌కి మళ్లీ పెయింట్ వేశారట, మిగతావి గీతలు, సొట్టలు. మెకానిక్ పెద్ద పనులన్నిటికీ కలిపి లక్షా పదివేలు లెక్క చెప్పిండు. మా ఇంట్లో అందరూ ఇంత చెత్త రిపోర్టు వచ్చిన బండి ఎందుకంటున్నరు.
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, పై ఉత్తరం చదివి మీ రిపోర్టు మళ్లీ చూడండి. అక్కడ అన్నీ పచ్చ గుర్తులే, మూడే మూడు మాటలు బండిని చెడగొట్టాయి. మీ రిపోర్టులో పదిహేడు ఎర్ర గుర్తులున్నా ఒక్కటి కూడా భయపెట్టేది కాదు. టైర్లు 36,000, క్లచ్ ఫ్లైవీల్‌తో సహా 45,000, బుష్‌లు లింక్ రాడ్లు 14,000, బ్యాటరీ 7,000, ఏసీ పని 8,000. ప్రతిదానికీ పక్కన ఒక అంకె ఉంది. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి క్లచ్ పోవడం రోగం కాదు, వయసు. ఏడేళ్ల టైర్లు అంతే, మీద గాడులు కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వానలో పట్టు ఉండదు, అవి ఎలాగూ మార్చాలి. ఇంకోటి గమనించండి, టైరు మీద రాసిన నాలుగంకెలు, అంటే తయారైన వారం, సంవత్సరం, నాలుగింటికీ 2019వే ఉన్నాయంటే కిలోమీటర్ల మీటరు రీడింగుకి అది కొంత సాక్ష్యం కూడా. లక్షా పన్నెండు వేలు ఒకే సెట్టు టైర్ల మీద నడిపాడంటే సారు బండిని మెత్తగా నడిపే మనిషి అయ్యుంటాడు.

ఫెండర్ గురించి బెంగ వద్దు. మీ మెకానిక్ పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టి రాసిన అంకెలు చూశాను, బండంతా 110, 120 మైక్రాన్లు ఉంటే ఆ ఒక్క ఫెండర్ 260 ఉంది. అంటే మళ్లీ పెయింట్ పడింది, పుట్టీ మందంగా పెట్టినట్టు లేదు, పెడితే ఇంకా చాలా ఎక్కువ చూపించేది. ఫెండర్ అనేది బోల్టులతో బిగించే రేకు, ట్రాఫిక్‌లో గీసుకుపోతే ఎవరైనా వేయిస్తారు. అదే అంకె పైకప్పు మీదో తలుపుల మధ్య స్తంభం మీదో వచ్చి ఉంటే మీకూ వద్దనే చెప్పేవాణ్ని.

అయితే నాకు మీ రిపోర్టులో నచ్చనిది ఒకటుంది, దానికి ఎర్ర గుర్తు పెట్టలేదు. స్కానర్ పేజీలో ఎర్రర్లు లేవు అని ఉంది కదా, దాని కిందే ఎర్రర్లు చెరిపేసిన తర్వాత తిరిగిన దూరం 14 కిలోమీటర్లు అని ఉంది. సారు ఇంటి నుంచి మెకానిక్ షెడ్డు దాకా ఎంత దూరమో లెక్కేసుకోండి. బయల్దేరే ముందు ఎవరో స్కానర్ పెట్టి తుడిచేశారన్నమాట. మోసమే అని అనను, బ్యాటరీ ఊడదీసి పెట్టినా కొన్ని బళ్లలో అలా చూపిస్తుంది, వీక్ బ్యాటరీ అని రాశారు కూడా. కానీ తేలాల్సిందే. సారుని మర్యాదగా అడిగి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే జనగామ దాకా వెళ్లి రండి. మర్నాడు పొద్దున చెప్పాపెట్టకుండా కాదు, చెప్పే వెళ్లండి, కానీ బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. మీరొచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పండి. పొద్దుటి మొదటి స్టార్టింగ్‌లోనే డీజిల్ ఇంజిన్ అసలు గుణం తెలుస్తుంది, పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే తప్పు ఇంజెక్టర్లదా, ఇంకేదైనా ఉందా అని చూడాలి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తిప్పి ఊరికే దాని మీదే పెట్టమనండి. ఎగిరెగిరి పడుతుంటే, కింద నుంచి పొగ బుసబుస తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. అప్పుడు మళ్లీ స్కాన్ చేయించండి.

రెండో స్కాన్‌లో కూడా ఏమీ రాకపోతే తీసుకోండి, నిక్షేపంగా తీసుకోండి. టర్బో ప్రెషర్ తక్కువ అనో ఇంజెక్టర్ అనో వస్తే భయపడి పారిపోనక్కర్లేదు, దానికీ ధర ఉంటుంది, కొటేషన్ తీసుకుని ఆ అంకె కూడా తగ్గించమనండి. బేరం సంగతి: 7.75లోంచి 1.10 తీసేస్తే 6.65. అంతకే ఇవ్వమని పట్టుబట్టడం మాత్రం న్యాయం కాదు, కొత్త టైర్లు, కొత్త క్లచ్ వేస్తే వచ్చే నాలుగేళ్లు వాటి సుఖం మీదే కదా. 6.90 దాకా వెళ్లొచ్చు. తెలిసినాయన కాబట్టి మొహమాటం ఉంటుంది, నాకు అర్థమవుతుంది. నోటితో అడగలేకపోతే మెకానిక్ కాగితం ఆయన చేతిలో పెట్టండి.

ప్రశ్న: బండి చెకింగ్‌లో అంతా బాగుంది, ధర కుదిరింది. కానీ ఆర్సీలో ఇంకా బ్యాంకు పేరు ఉంది. లోన్ కట్టేశాను, ఎన్‌ఓసీ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం) నెలలో వస్తుంది, ముందు డబ్బంతా ఇచ్చి బండి తీసుకెళ్లండి అంటున్నాడు ఓనర్. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: వెళ్లొద్దు. లోన్ నిజంగా తీరిపోయి ఉంటే ఎన్‌ఓసీ తెచ్చుకోవడానికి ఆయనకి ఇబ్బంది ఉండకూడదు. ఇంకా బాకీ ఉంటే ఇద్దరూ కలిసి బ్యాంకుకే వెళ్లి, బాకీ ఎంతో లెటర్ మీద రాయించుకుని, ఆ మొత్తం మీ ఖాతా నుంచి నేరుగా ఆ లోన్ ఖాతాకే కట్టండి, మిగిలింది ఓనర్‌కి ఇవ్వండి. ఆయన చేతికిచ్చి కట్టమనకండి. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 మీద బ్యాంకు సంతకం ఉండాలి, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీసేది దాంతోనే. పేరు మార్పుకి 29, 30 ఫారాలు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచుకోవడం మన దగ్గర అలవాటు, అది వద్దు, చట్టం ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లోగా ఆర్టీఏకి, అంటే రవాణా శాఖ ఆఫీసుకి తెలియజేయాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో చెప్పాలి. ఆయన బోనస్ మీకు రాదు, ఆ తేడా ప్రీమియం మీరే కట్టాలి, అది కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

మీ ఓనర్‌కి కూడా ఒక మాట చెప్పండి, ఆలస్యం చేస్తే ఆయనకే ఎక్కువ నష్టం. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, బండి ఎప్పుడో అమ్మేశానంటే కుదరదు. ఈ సంగతి తెలిస్తే ఆయనే మిమ్మల్ని ఆర్టీఏ ఆఫీసుకి తొందరపెడతాడు. అప్పటిదాకా బండి ఆయన ఇంటి ముందే ఉండనివ్వండి, మీరు చిన్న అడ్వాన్స్ ఇచ్చి, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, బాకీ మొత్తం, ఎన్‌ఓసీ ఇవ్వాల్సిన తేదీ, ఆ తేదీ దాటితే అడ్వాన్స్ వెనక్కి ఇస్తాననే మాట, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ ఛాసిస్ నంబరు 17 అక్షరాలూ ఆర్సీలో చూసి రాయకండి, బండి మీద చెక్కింది చూసి రాసి, తర్వాత ఆర్సీతో పోల్చండి.